గీత పడని స్క్రీన్

మా కారు డ్యాష్‌బోర్డులో ఉండే టచ్‌స్క్రీన్ మీద ఇప్పటికీ ఒక్క గీత లేదు. షోరూమ్‌లోంచి వచ్చిన రోజు ఎంత నున్నగా ఉందో ఇప్పుడూ అంతే. మా ఆయన దాన్ని కంటికి రెప్పలా కాపాడారు. ఆయన కళ్ళ గురించి మాత్రం ఆ మాట చెప్పలేను. కుడికన్ను దాదాపు పోయింది. ఎడమకంట్లో నడిమధ్య కాస్త చూపు మిగిలింది. ఆ మిగిలినదాన్ని నిలబెట్టుకోవడమే ఇప్పుడు మా ఇంట్లో అసలు పని. ఈ రెండు సంగతులూ ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయాయి కాబట్టి కలిపే రాస్తున్నాను. రాస్తుంటే కోపం వస్తోంది. రానివ్వండి.

ఆయన కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో, కంట్రోల్ రూమ్‌లో పనిచేశారు. సర్వీసంతా ఎర్రదీపాలూ, పచ్చదీపాలూ, మీటర్ల ముళ్ళూ చూడటమే. ఆయన రిటైరయ్యేనాటికి నాకింకా సర్వీసు ఉంది. కంకిపాడు దాటాక హైవే దిగి లోపలికి వెళ్తే వచ్చే ఓ ఊళ్ళో, హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. విజయవాడ నుంచి రోజూ బస్సులో నిలబడి వెళ్ళేదాన్ని. ఆయన రిటైరవగానే కారు కొని, "ఇక నీ బస్సు కష్టాలు తీరిపోయాయి టీచరమ్మా" అన్నారు. పొద్దున్న నన్ను దించి ఇంటికి రావడం, సాయంత్రం మళ్ళీ వచ్చి తీసుకెళ్ళడం ఆయన పని అయింది.

దానికోసం ఇస్త్రీ చొక్కా, పాలిష్ పెట్టిన బూట్లు, జేబులో పెన్ను. రిటైర్మెంట్ ఎలా ఉందండీ అని ఎవరైనా అడిగితే, "రిటైరెక్కడయ్యానండీ, ట్రాన్స్‌ఫర్ అయ్యాను" అనేవారు. నవ్వుతూ అనేవారు కానీ ఆ మాట వెనక భయం ఉంది. ఆయనతోపాటు దిగిపోయినవాళ్ళు కొందరు పేపరు పట్టుకుని వరండాలో కూర్చుండిపోయి, పిలిస్తే పలకడం కూడా మానేశారు. తానూ అలా అయిపోతానేమోనని ఆయన బెంగ. స్టీరింగ్ చేతిలో ఉన్నంతకాలం డ్యూటీలో ఉన్నట్టే. అది పోతే మనిషి ఏమైపోతాడో నాకూ తెలుసు. అందుకే మొదట్లో ఆయన చాదస్తాలన్నిటికీ ఊకొట్టాను.

ఆ చాదస్తం కొత్త కారుకి ప్రతిష్ఠ ప్రార్థన చేయించిన రోజే మొదలైంది. చర్చి ముందు కారు ఆపి, అందరం చుట్టూ నిలబడ్డాం. పాస్టరుగారు బానెట్ మీద నూనె రాశారు, స్టీరింగ్ మీద రాశారు, అదే ఊపులో బొటనవేలితో స్క్రీన్ మీద కూడా సిలువ గుర్తు వేశారు. ప్రార్థన నడుస్తోంది. అనుమానం వచ్చి నేను ఒక కన్ను తెరిచాను. ఆమేన్ ఇంకా కాలేదు, మా ఆయన కర్చీఫ్ తీసి స్క్రీన్ తుడిచేస్తున్నారు. పాస్టరుగారు కూడా చూశారు. "నూనె కదా అయ్యగారూ, మరకైపోద్ది" అన్నారు ఈయన. ఆయన పెద్దమనిషి, నవ్వి ఊరుకున్నారు. నేను మాత్రం ఇంటికొచ్చేదాకా తల ఎత్తలేదు.

షోరూమ్‌వాళ్ళు స్క్రీన్‌కి అంటించి ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ కాగితం ఉంటుంది చూడండి, అది పీకి పారేయాల్సిందే. కానీ మన ఇళ్ళలో దాన్ని పీకడానికి ఎవరికి చేతులొస్తాయి? మా ఫ్రిజ్ తలుపు మీది కవరు ఫ్రిజ్ పాతబడేదాకా ఉంది. టీవీ రిమోట్ ఇప్పటికీ కవర్లోనే ఉంది, అంకెలు కనపడవు, అలవాటు మీద నొక్కుతాం. స్క్రీన్ మీది కాగితం కూడా అలాగే ఉండిపోయింది. అంచులు లేచి లోపలికి దుమ్ము పోయింది. మధ్యలో బుడగలు పొంగాయి. ఎటు వెళ్ళినా, మ్యాప్‌లో మేము వెళ్ళాల్సిన రోడ్డు మీదే ఓ బుడగ ఉండేది. "ఉండనీ, గీతలు పడవు" అనేవారు.

తర్వాత రూల్స్ వచ్చాయి. గోటితో నొక్కకూడదు, వేలి మెత్తనితోనే తాకాలి. కుడిచేతికి గాజులుంటే ఆ చెయ్యి ఒళ్ళోంచి తియ్యకూడదు. ఓ రోజు మా స్కూలు తెలుగు మేడమ్ మాతో వచ్చారు. ఏసీ పెంచుదామని ఉంగరం ఉన్న వేలితో స్క్రీన్ మీద టకటకా నొక్కారు. మా ఆయన కారు పక్కకి తీసి ఆపి, జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి తుడిచి, "ఈసారి నాకు చెప్పండి మేడమ్, నేను పెడతాను" అన్నారు. ఎంత మర్యాదగా అన్నారంటే ఆవిడ మరి మా కారెక్కలేదు. బస్సే నయమనుకున్నట్టున్నారు.

"స్క్రీన్ మీద గ్లేర్ కొడుతోంది" అని ఆయన మొదటిసారి అన్నది ఆ ఎండాకాలంలోనే. పొద్దున్న కంకిపాడు వైపు వెళ్ళేటప్పుడు సూర్యుడు ఎదురు. సాయంత్రం విజయవాడ వైపు వచ్చేటప్పుడూ ఎదురే. మా ఇద్దరి ఉద్యోగం అలాంటిది. ఆ ముసలి కాగితం మీద ఎండ పడితే మెరవక ఏం చేస్తుంది అనుకుని, "పీకెయ్యండి" అన్నాను. ఆయన పీకలేదు, పీకించారు. బందరు రోడ్డులో కార్ల సామాన్ల షాపుకి తీసుకెళ్ళి, షాపతని నెత్తిన నిలబడి, ఆ కాగితం తీయించి గాజు గార్డు వేయించారు. ఒక్క బుడగ లేకుండా వచ్చింది. రెండు రోజులు ఆయన ముఖం వెలిగిపోయింది.

మూడో రోజు మళ్ళీ గ్లేర్. గాజు మీద తన చొక్కా కనపడుతోందట. అది నిజమే, తెల్లచొక్కా వేసుకుని కూర్చుంటే స్క్రీన్‌లో తెల్లగా నీడ తేలుతుంది. దానికాయన ఏం చేశారు? తెల్లచొక్కాలు మానేశారు. ఆదివారం ఆరాధనకి మగవాళ్ళంతా తెల్లబట్టల్లో వస్తే ఈయన ముదురు నీలం చొక్కాలో నిలబడేవారు. ఎవరైనా అడిగితే డ్రైవింగ్ సేఫ్టీ అని లెక్చరు. అప్పటికీ గ్లేర్ పోలేదు. గాజు తీయించి, మెరవని రకం మ్యాట్ ఫిల్మ్ వేయించారు. దాంతో అక్షరాలు ఇసుక చల్లినట్టు అయ్యాయి, అది ఆ ఫిల్మ్ గుణమే. "మసగ్గా ఉంది" అన్నారు. నాకూ కొంచెం మసగ్గానే ఉంది కాబట్టి అనుమానం రాలేదు.

చివరికి బూట్ల డబ్బా అట్ట కోసి, పాత గొడుగు గుడ్డ కుట్టి, స్క్రీన్‌కి చూరులా ఒకటి తయారుచేశారు. కొత్త కారులో ఆ నల్లటి గుడిసె చూస్తే నాకు ఒళ్ళు మండింది. "ఎదురెండ స్క్రీన్ మీద ఎలా పడుతుందండీ? దాని వీపు కదా ఎండవైపు ఉంది? వెనక అద్దంలోంచి వెలుగొస్తే మెరవాలి గానీ" అన్నాను. "నీ పాఠాలు స్కూల్లో చెప్పుకో టీచరమ్మా. నడిపేది నేను" అన్నారు.

ఆ గుడిసె కింద, గేరు ముందు చిన్న గుంట ఉంటుంది, చిల్లర వేసుకోవడానికి. అందులో ఎప్పుడూ ఒక చుక్కల మందు సీసా ఉండేది. థర్మల్ స్టేషన్‌లో ఉన్నప్పుడు బూడిద గాలికి కళ్ళు దురదపెట్టి ఎర్రబడేవి. ఒకసారి మెడికల్ షాపులో చెబితే ఆ సీసా ఇచ్చారు. వేసుకున్న పూటకే ఎరుపు పోయింది. ఇంకేం, ఆ ఖాళీ సీసా చూపించి కొత్తది తెచ్చుకోవడం, అది అయిపోతే మళ్ళీ చూపించడం. మా వైపు జ్వరానికైనా, దగ్గుకైనా, కీళ్ళనొప్పికైనా అంతే కదా, మెడికల్ షాపు కౌంటరు ముందు నిలబడి చెప్పుకుంటే మందు చేతికొస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళేది అక్కడ తగ్గకపోతేనే. ఈయనకి తగ్గుతూనే ఉంది. రిటైరయ్యాక బూడిద లేదు, అయినా బండెక్కగానే తల వెనక్కి వాల్చి చెరో చుక్క వేసుకునేవారు. "కళ్ళు చల్లబడతాయి, గ్లేర్ తగ్గుద్ది" అనేవారు. అది బండికి పెట్రోలు పోసినంత మామూలు విషయమైపోయి, మా కళ్ళముందే ఏళ్ళు గడిచిపోయాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. రోజూ వెళ్ళే రోడ్డుకి మ్యాప్ ఎందుకు? ఆయన మాత్రం బండి తీస్తే మ్యాప్ పెట్టాల్సిందే. ట్రాఫిక్ తెలుస్తుందనేవారు. మొదట్లో మామూలుగా ఉన్న బొమ్మ, పోనుపోను పెద్దదైంది. నీలం గీత నా బొటనవేలంత లావయ్యేదాకా పెంచేవారు. వెలుగు కూడా ఆ చివరిదాకా పెంచి పెట్టేవారు. మ్యాప్‌లో ఆవిడ "రెండువందల మీటర్లలో ఎడమకి తిరగండి" అంటే, నేను పక్కన ఏం చెబుతున్నా ఆపమని చెయ్యి చూపించేవారు. ఆవిడ మాటకున్న విలువ నా మాటకి లేదని దెప్పేదాన్ని. ఆయన నవ్వేవారు కాదు.

వాన పడిన రోజుతో అంతా బయటపడింది. ముసురు పట్టి, ఆకాశం నల్లగా మూసుకుపోయి ఉంది. లైట్లు వేసుకుని వెళ్తున్నాం. హైవే దిగి స్కూలు వైపు కాలవగట్టు రోడ్డు ఎక్కాం. ఆయన ఒక చేత్తో గుడిసె కిందకి గుడ్డ దూర్చి స్క్రీన్ తుడుస్తూ, "దీని గ్లేరు తగలెయ్య, ఏం కనపడి చావట్లేదు" అన్నారు. నేను బయటకి చూశాను. ఎండ పొడ లేదు. "వానలో గ్లేర్ ఏంటండీ?" అనబోయాను. ఆ మాట సగంలో ఉండగానే కుడిపక్క వంతెన మీంచి పాలతను సైకిల్ దింపాడు. బాగా ముందు నుంచే కనపడుతున్నాడు, రెండు పక్కలా క్యాన్లు, నెత్తిన ప్లాస్టిక్ గోనె. ఆయన బ్రేకు వెయ్యలేదు. నేను కేకపెట్టాను. అప్పుడు వేశారు.

తగల్లేదు. కానీ అతను తప్పుకోబోయి సైకిల్‌తో సహా బురదలో పడ్డాడు. క్యాను మూత ఊడి పాలన్నీ కాలవ వైపు పారాయి. అతను లేచి, మోచెయ్యి పట్టుకుని, "ఏందండీ, కళ్ళు కనపట్టంలా? ఇంత సైకిల్ని చూసుకోవద్దా?" అని అరిచాడు. మా ఆయన అద్దం దించి, చాలా నిదానంగా, "నువ్వు ఎటునుంచి వచ్చావయ్యా?" అని అడిగారు. ఎగతాళికి కాదు. నిజంగానే అడిగారు.

అతన్ని సముదాయించి పంపాక, వాన పడుతుండగానే ఆయన్ని కారు పక్కన నిలబెట్టాను. ఎడమకన్ను చేత్తో మూసి, నా ముక్కు చూడమన్నాను. నా వేళ్ళు ఆయన కుడిచెవి పక్కనుంచి ముందుకి తెస్తూ, కనపడగానే చెప్పమన్నాను. వేళ్ళు నా ముక్కుకి ఎదురుగా వచ్చేదాకా ఆయన ఏమీ చెప్పలేదు. వచ్చాక కూడా "ఏదో కదుల్తోంది" అన్నారంతే. నేను ఆ రోజు స్కూలుకి వెళ్ళలేదు. కారు అక్కడే వదిలి, ఆయన్ని ఆటో ఎక్కించి విజయవాడ తీసుకొచ్చాను.

కంటి ఆసుపత్రిలో తల లోపలికి పెట్టి చూసే ఒక మిషను ముందు కూర్చోబెట్టారు. లోపల ఎక్కడెక్కడో చిన్న వెలుగు చుక్కలు వస్తాయి, కనపడినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. నేను తలుపు పక్కన నిలబడ్డాను. ఒకసారి టక్కుమంటుంది. తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. కంట్రోల్ రూమ్‌లో ఒక్క దీపం మారినా సీట్లోంచి లేచే మనిషని పేరు తెచ్చుకున్నాయన, ఆ చీకటిగదిలో బటన్ పట్టుకుని దీపం కోసం కాచుకుని కూర్చున్నారు. నొక్కండి, దేవుడా, నొక్కండి అని లోలోపల అంటూనే ఉన్నాను.

డాక్టరమ్మ చిన్న వయసు. పరీక్షలన్నీ చూసి, "కంట్లో చుక్కలేమైనా వాడుతున్నారా అండీ?" అని అడిగింది. కారు దిగేటప్పుడు జేబులో వేసుకున్న సీసా మా ఆయన ఉత్సాహంగా తీసిచ్చారు. "ఇది వేసుకోబట్టే ఈమాత్రం నెట్టుకొస్తున్నానమ్మా" అన్నారు. ఆవిడ సీసా తిప్పి, దాని మీది చిన్నక్షరాలు చదివింది. "ఇందులో స్టెరాయిడ్ ఉందండీ. మేము చూస్తూ, కొద్దిరోజులు వాడించేది. ఏళ్ళ తరబడి వేస్తే కంట్లో ప్రెషర్ పెరిగిపోద్ది. శుక్లం కూడా తొందరగా వస్తది, మీకు గ్లేర్ అనిపించేది ఆ శుక్లం వల్లే. అది ఆపరేషన్ చేసి తీసేద్దాం. కానీ ప్రెషర్‌కి వెనక నరం దెబ్బతింది. అక్కడ పోయిన చూపు మాత్రం రాదండీ" అంది. మా ఆయన చెయ్యి ఇంకా చాపే ఉంది, సీసా తిరిగి తీసుకోవడానికి.

నాకు ముక్కు మీద కోపమని అందరూ అంటారు. ఆ సాయంత్రం మెడికల్ షాపుకి వెళ్ళి చిందులు తొక్కాను. కౌంటరు దగ్గర జనం పోగయ్యారు. షాపతను తల వంచుకుని అంతా విని, "మీవారే అడిగి తీసుకెళ్ళేవారండీ. మేం లేదంటే పక్క షాపులో కొంటారు" అన్నాడు. నేను అరుస్తుండగానే నా పక్కనుంచి ఒకాయన చెయ్యి చాపి, ఖాళీ సీసా చూపించి, ఇలాంటిదే కావాలన్నాడు. అతనికి ఏం ఇచ్చారో చూడకుండానే వచ్చేశాను. నాలో అరవడానికి ఇంకేమీ మిగల్లేదు.

శుక్లాలు తీయించాక ఆయన ఇంట్లో కుర్చీలో కూర్చున్నారు. ఏ కుర్చీకి భయపడ్డారో అదే కుర్చీ. ఒక రోజు అడిగాను, "చూపు తగ్గుతోందని మీకు ముందే తెలుసా?" అని. "పక్కన బోర్డులు కనపడటం మానేశాయి. స్క్రీన్ ఉందిలే అనుకున్నాను" అన్నారు. "మరి స్క్రీన్ కూడా కనపడనప్పుడు?" అన్నాను. "స్క్రీన్‌దే తప్పయితే మార్చుకోవచ్చు కదా" అన్నారు. నాకు ఆయన మీద జాలి వేయలేదు ఆ క్షణాన. కొట్టాలనిపించింది. పక్కసీట్లో నన్ను కూర్చోబెట్టుకుని, ఎంతమంది పిల్లలు రోడ్డు దాటుతుంటే ఆ నీలం గీతని నమ్ముకుని తోలారో. కిందకి వెళ్ళి కారు తలుపు తీసి, ఆ గొడుగు గుడిసె పీకి పారేశాను. మ్యాట్ ఫిల్మ్ గోటితో లేపి చించేశాను. కింద స్క్రీన్ తళతళా మెరిసింది. అప్పుడే అక్కడ కూర్చుని ఏడ్చాను.

నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఈ వయసులో ఎల్ బోర్డు పెట్టుకుని తిరుగుతుంటే మా స్కూలు పిల్లలు గేటు దగ్గర చప్పట్లు కొట్టారు. ఇప్పుడు స్కూలుకి నేనే నడుపుతాను. ఆయనకి ఆ కుర్చీ తప్పించాలని రోజూ వెంట తీసుకెళ్తాను. స్టాఫ్ రూమ్ పక్క గదిలో కూర్చుని పిల్లలచేత నోటితో ఎక్కాలు చెప్పించుకుంటారు. కారెక్కగానే ఆయన చేసే మొదటి పని స్క్రీన్ తుడవడం. నాలుగు అంచులూ వేళ్ళతో తడిమి చూసుకుని, మధ్యలోకి తుడుస్తారు. "ఇప్పుడు బాగా కనపడుతోందా?" అని అడుగుతారు. "అద్దంలా ఉందండీ" అంటాను. డాక్టరమ్మ రాసిన కొత్త చుక్కలు వేళకి నేనే వేస్తాను. అవి చూపు ఇవ్వవు, ఉన్నది పోకుండా ఆపుతాయేమో చూడాలి.

మొన్న సాయంత్రం స్కూలు నుంచి వస్తున్నాం. పెనమలూరు దగ్గరకి వచ్చేసరికి సూర్యుడు సరిగ్గా రోడ్డు చివర దిగాడు. నేను కళ్ళు చిట్లించి, ఏమీ ఆలోచించకుండా, "అబ్బ, గ్లేర్ కొడుతోందండీ, ఏమీ కనపడట్లేదు" అన్నాను.

"ఆపు" అన్నారు.

"ఏంటండీ?"

"పక్కకి తీసి ఆపు. వెంటనే."

ఆ గొంతు విని ఎడమకి తీసి ఒక ఎరువుల కొట్టు ముందు ఆపాను. ఆయన చేత్తో తడుముకుని నా గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకున్నారు. ఎడమకన్ను నా కళ్ళకి దాదాపు ఆనించి చూశారు. "ఎర్రగా ఉన్నాయా? చుక్కలేమన్నా వేసుకుంటున్నావా? నాకు చెప్పకుండా ఏమన్నా తెచ్చుకున్నావా?" అన్నారు.

"లేదండీ. ఎదురెండ, అంతే."

"నేనూ అదే అన్నాను" అన్నారు.

ఆయన తన అరచేత్తో నా కుడికన్ను మూశారు. ఎదురుగా ఏ బోర్డు ఉంటే అది చదవమన్నారు. "ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు" అని చదివాను. చెయ్యి తీసి ఎడమకన్ను మూశారు. మళ్ళీ చదివాను. కింద చిన్నక్షరాలేమైనా ఉన్నాయా అని అడిగారు. "ఆదివారం సెలవు" అని చదివాను.

ఆయన నా కంటి మీంచి చెయ్యి తీసి, బోర్డు ఉన్న వైపు ముఖం తిప్పారు. మెడ చాపి, తల అటూ ఇటూ కదుపుతూ చాలాసేపు వెతికారు. ఆ తర్వాత నావైపు తిరిగారు.

"నిజంగా అదే రాసుందా?" అని అడిగారు.